సర్టిఫికెట్టులో వెంకటేశ్వర్లు, చర్చిలో యేసుదాసు

2024 నవంబరు 25న సుప్రీంకోర్టు ఒక పాత తగువును తేల్చేసింది. రాజ్యాంగ పీఠికలో 'సెక్యులర్' అన్న మాట ఉండకూడదంటూ వచ్చిన పిటిషన్లను కొట్టేసింది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో, 42వ సవరణతో చేర్చిన ఆ మాటను ఇన్నేళ్ల తర్వాత కదిలించాల్సిన అవసరం లేదంది. మర్నాడు నవంబరు 26. రాజ్యాంగాన్ని ఆమోదించి సరిగ్గా డెబ్భై అయిదేళ్లు. ఆ రోజే అదే కోర్టులో ఇంకో ధర్మాసనం పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ అప్పీలును తోసిపుచ్చింది. ఆమె తండ్రి హిందువు, తల్లి క్రైస్తవురాలు. పసితనంలోనే బాప్తిస్మం ఇప్పించారు. పెద్దయ్యాక గుమాస్తా ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్టు అడిగితే అధికారులు కాదన్నారు. చర్చికి వెళ్తూ, క్రైస్తవాన్ని పాటిస్తూ, ఉద్యోగం కోసం మాత్రం హిందువునంటే కుదరదని కోర్టు చెప్పింది. నమ్మకం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం మతం మారడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది.

మొదటి తీర్పు మీద టీవీల్లో చర్చలు నడిచాయి. రెండో తీర్పు పల్లెల్లోకి, పేటల్లోకి వెళ్లింది. గుంటూరు, ప్రకాశం, కృష్ణా, గోదావరి జిల్లాల్లో, రాయలసీమలో, ఖమ్మంలో ఆ తీర్పు ఎవరి గురించో అక్కడివాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ ఊళ్లలో ఒకే మనిషికి రెండు పేర్లుండటం వింత కాదు. బడి రికార్డులో వెంకటేశ్వర్లు, చర్చిలో యేసుదాసు. రేషన్ కార్డులో సుబ్బమ్మ, ప్రార్థనలో మరియమ్మ. ఆదివారం ఆరాధనలో చేతులు జోడించి కీర్తన పాడే కుర్రాడి కుల ధ్రువీకరణ పత్రంలో 'హిందూ-మాదిగ' అనో 'హిందూ-మాల' అనో ఉంటుంది. పేటలో చర్చి కట్టాక పుట్టినవాడతను. వాళ్ల నాన్న కూడా ఆ చర్చి గంట వింటూ పెరిగినవాడే. అయినా మతం అన్న గడి దగ్గరికొచ్చేసరికి ఇంటిల్లిపాదీ ఒక్క క్షణం ఆగుతారు. క్రైస్తవుడని రాస్తే ఆ కుర్రాడు ఎస్సీ కాదు, బీసీ-సి. పదిహేను శాతం రిజర్వేషన్ ఉన్న వరుసలోంచి ఒక్క శాతం ఉన్న వరుసలోకి వెళ్లిపోతాడు. శాసనసభకు పోటీ చేయాలనుకుంటే ఆంధ్రప్రదేశ్‌లోని 29 ఎస్సీ స్థానాలు, తెలంగాణలోని 19 ఎస్సీ స్థానాలు అతనివి కావు. ఎవరైనా కులం పేరుతో తిట్టి కొడితే అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నిలవదు.

ఈ భయం జనాభా లెక్కల్లో అచ్చయి కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో క్రైస్తవులు 4.19 శాతం. 1981లో 2.68. 1991లో 1.83. 2001లో 1.55. 2011లో 1.34. శాతమే కాదు, తలల లెక్క కూడా పడిపోయింది. 1971లో పద్దెనిమిది లక్షల పైచిలుకు ఉన్నవాళ్లు, రాష్ట్ర జనాభా దాదాపు రెట్టింపైన నలభై ఏళ్లకు పదకొండు లక్షల ముప్పై వేల దగ్గరికొచ్చారు. ఆ నలభై ఏళ్లలో కోస్తా జిల్లాల్లో రోడ్డు పక్కన ఎన్ని కొత్త చర్చిలు లేచాయో బస్సు కిటికీలోంచి చూసిన ఎవరికైనా తెలుసు. మనుషులు చర్చి విడిచి వెళ్లలేదు. కాగితం మీద నుంచి వెళ్లారు. అబద్ధమాడటం వాళ్లకు సరదా కాదు. నిజం చెబితే బిడ్డ చదువు పోయే చోట నిలబడి ఎవరైనా ఏం చేస్తారో వాళ్లూ అదే చేశారు.

గుండ్లకమ్మ ఒడ్డున

ఈ కథ కాగితాలతో మొదలుకాలేదు. నూటయాభై ఏళ్లు దాటిన వెనకటి ముచ్చట ఇది. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చి స్థిరపడ్డాడు. ఊళ్లో పెద్దకులాలవాళ్లు తన బడికి పిల్లల్ని పంపుతారని, వాళ్ల ద్వారా మిగతావాళ్లు వస్తారని ఆశపడ్డాడు. వచ్చింది మాదిగలు. వాళ్లలో ముందు నడిచినవాడు యెర్రగుంట్ల పేరయ్య. క్లౌ ఒంగోలులో కాలు కుదుర్చుకునే నాటికే తన పల్లెలో నలుగురికీ బోధ చేస్తున్నవాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పెద్దకులాలవాళ్లు తప్పుకున్నారు. దొరలు జనాన్ని వెతుక్కుంటూ వచ్చి మతం అంటగట్టారన్న మాట ఇవాళ తరచూ వినబడుతుంది. ఒంగోలు చరిత్ర చూస్తే దారి వెతుక్కున్నది పేరయ్య, అతని వెనక నడిచిన పల్లెలే.

చేరినవాళ్లకు అక్కడ మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఇవాళ చదివితే మామూలు మతనియమాల్లా కనిపిస్తాయి. ఆనాటి పల్లెలో వాటి బరువు వేరు. మాదిగ ఆదివారం పనికి రానంటే రైతు అరక ఆగింది. చచ్చిన గొడ్డును ముట్టనంటే, జాతరకు డప్పు కొట్టనంటే ఊరి కట్టే కదిలింది. కూలి ఆపారు, బావి దగ్గరికి రానివ్వలేదు, కొట్టారు. మతం మారడమంటే వాళ్లకు వేరే దేవుడి పాట పాడటం ఒక్కటే కాదు. ఊరు తమ నెత్తిన పెట్టిన పనిని కాదనగలగడం.

1876-78 కరువులో లక్షల మంది ఆకలితో పోయారు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగినా కరువు సాయం సాగినన్నాళ్లూ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న నింద పడుతుందని అతని జంకు. సాయం ముగిశాక, 1878 జులై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. నీళ్లలో దిగి ఇచ్చినవాళ్లు తెల్లదొరలు కారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు.

అలా వచ్చిన మతం పరాయి మతంగా మిగల్లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం ఉంటాయి. పెళ్లిలో తాళి ఉంటుంది. దోర్నకల్లులో బిషప్ అజరయ్య కట్టించి 1939లో ప్రారంభమైన కెథడ్రల్‌లో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి కనిపిస్తాయి. అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్ అయినప్పుడు ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు.

మూడో పేరా

రాష్ట్రపతి 1950 ఆగస్టు 10న షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఇచ్చారు. అందులో మూడో పేరా చిన్నదే. హిందూమతం కాక వేరే మతాన్ని అవలంబించే వ్యక్తి షెడ్యూల్డు కులస్థుడు కాడని దాని సారాంశం. పంజాబులోని నాలుగు సిక్కు కులాలకు మాత్రం మొదట్లోనే మినహాయింపు ఇచ్చారు. ఈ గీత గీసింది స్వతంత్ర భారతమే కాదు, తెల్లవాళ్ల ప్రభుత్వం కూడా. 1936 నాటి ఉత్తర్వులోనే భారతీయ క్రైస్తవుడెవరినీ షెడ్యూల్డు కులస్థుడిగా లెక్కించకూడదని ఉంది. రాజ్యాంగం వచ్చాక ఆ గీత చెరగలేదు, ఇంకా చిక్కబడింది.

1956లో సిక్కు దళితులందరినీ చేర్చారు. అదే ఏడాది అక్టోబరులో అంబేడ్కర్ నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం స్వీకరించారు. వాళ్లకు ఎస్సీ హోదా దక్కడానికి 1990 దాకా, వి.పి.సింగ్ ప్రభుత్వం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ముప్పై నాలుగేళ్లు. క్రైస్తవులూ ముస్లిములూ గీతకు ఇవతలే ఉండిపోయారు.

ఇక్కడే మన సెక్యులరిజం అసలు పరీక్ష ఉంది. షెడ్యూల్డు తెగల జాబితాలో మతం ప్రసక్తే లేదు. మిజో క్రైస్తవుడు ఎస్టీయే, నాగా క్రైస్తవుడు ఎస్టీయే. అరకు కొండల్లో చర్చికి వెళ్లే కొండదొర కూడా ఎస్టీయే. వెనకబడిన తరగతులను గుర్తించేటప్పుడు మతం అడగరు. ఆర్థికంగా వెనకబడినవారి పది శాతం కోటాలోనూ అడగరు. అంటరానితనం అనుభవించినవాడి దగ్గర మాత్రమే రాజ్యం ఆగి, నీ దేవుడెవరు అని అడుగుతుంది. ఏ మతాన్నీ తనదిగా చేసుకోనని మాటిచ్చిన రాజ్యం అడగకూడని ప్రశ్న అది. 25వ అధికరణ ఇచ్చిన అంతరాత్మ స్వేచ్ఛను చదువు, ఉద్యోగం, రక్షణ పోతాయన్న షరతు మీద ఇస్తే అది స్వేచ్ఛ ఎలా అవుతుంది?

ఇది క్రైస్తవుల ఒక్కరి బాధ కాదు. ఆంధ్రప్రదేశ్ ఎస్సీ జాబితాలో మెహతర్ అన్న కులం ఉంది. పాకీ పని చేసినవాళ్లు. బీసీ-ఏ జాబితాలోనూ ఒక మెహతర్ కులం ఉంది, పక్కన 'ముస్లిం' అని రాసి. చీపురు ఒకటే, బుట్ట ఒకటే, ఊరు వాళ్లను చూసిన చూపు ఒకటే. నమాజు చదివే చోట వర్గం మారిపోయింది. 2007లో ముస్లిముల్లోని వెనకబడిన వర్గాలకు నాలుగు శాతం ఇస్తూ చేసిన చట్టంలో ధోబీ ముస్లిములు, గోసంగి ముస్లిములు, ఎలుగుబంట్లను ఆడించే కుటుంబాలు కనిపిస్తాయి. కులవృత్తి మతం దాటి వెంటపడుతుందని ప్రభుత్వానికి తెలుసు. దాని జాబితాలే అందుకు సాక్ష్యం.

కోర్టులు ఏమన్నాయి

ఈ చిక్కుముడి మన గుంటూరు వైద్య కళాశాల దాకా వచ్చింది. 1973లో ఒక మాదిగ విద్యార్థికి అక్కడ సీటు ఇచ్చి, తర్వాత రద్దు చేశారు. తల్లిదండ్రులు క్రైస్తవం తీసుకున్నారు, అతను ఆ తర్వాత పుట్టాడు. చేరేముందు శుద్ధి జరిపించుకుని హిందువయ్యాడు. పుట్టుకతో హిందువు కాడు కాబట్టి ఎస్సీ కాడని కళాశాల వాదన. 1976లో సుప్రీంకోర్టు విద్యార్థి పక్షాన తీర్పిచ్చింది. తిరిగొచ్చినవాణ్ని కులం తనవాడిగా ఒప్పుకుంటే చాలని, ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ కులమే చెప్పాలని అంది. 1983లో ఇంకో కేసులో మతం మారినప్పుడు కులం పోదని, గ్రహణం పట్టినట్టు మరుగున పడుతుందని, తిరిగొస్తే మళ్లీ బయటపడుతుందని చెప్పింది. 2015లో కేరళ నుంచి వచ్చిన కేసులో తాతల కాలంలో క్రైస్తవంలోకి వెళ్లిన కుటుంబంలోని వ్యక్తికి తిరిగొచ్చాక ఎస్సీ హోదా దక్కింది.

ఈ మూడు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. మూడు తరాలు చర్చిలో గడిపి తిరిగొచ్చినా కులం చెక్కుచెదరకుండా ఉందని కోర్టే ఒప్పుకుంటోంది. మరి ఆ మూడు తరాలూ అది ఎక్కడుంది? ఊళ్లోనే ఉంది. పేట గట్టునే ఉంది. బావి దగ్గర, హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు దగ్గర ఉంది. బయటివాళ్లు గుర్తుపెట్టుకున్నారు, లోపలివాళ్లు మోశారు. చట్టం ఒక్కటే లేదన్నట్టు ప్రవర్తించింది.

మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక క్రైస్తవ ఆది ద్రావిడుడి కేసు 1985లో తేలింది. చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా బంకులిస్తూ, క్రైస్తవుడని అతనికి ఇవ్వలేదు. పక్కన కూర్చుని అదే పని చేసే హిందువుకు ఇచ్చింది. సుప్రీంకోర్టు అతని మాట వినలేదు. మతం మారాక కూడా అంటరానితనపు బాధలు అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువు చేయాలంది. చెప్పులు కుడుతూ పేవ్‌మెంటు మీద కూర్చున్న మనిషికి అంతకన్నా రుజువు ఎక్కడ దొరుకుతుంది?

అదే 1985లో, జులై 17న కారంచేడు జరిగింది. మాదిగలు తాగే చెరువు నీళ్లను మురికి చేయొద్దని ఒక స్త్రీ అడ్డం తిరగడంతో రాజుకున్న గొడవలో ఆరుగురిని చంపారు. ఆ స్త్రీ పేరులోనూ, చనిపోయినవాళ్లలో కొందరి పేర్లలోనూ బైబిలు వినిపిస్తుంది. గొడ్డళ్లు పట్టుకొచ్చినవాళ్లు వేటాడింది మాదిగల్ని. కారంచేడు తర్వాత వచ్చిన దళిత ఉద్యమం దేశం కళ్లు తెరిపించిన వాటిలో ఒకటి. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపాక ఆ చట్టం కిందే ఊళ్లో ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు.

ఆ చట్టం ఎవరికి వర్తిస్తుందన్న ప్రశ్న 2025 ఏప్రిల్ నెలాఖరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందు తేలింది. గుంటూరు ప్రాంతంలో ఒక పాస్టరు తనను కులం పేరుతో తిట్టి దాడి చేశారని ఫిర్యాదు చేశారు. ఆయన దగ్గర ఎస్సీ సర్టిఫికెట్టు ఉంది. పదేళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తి ఎస్సీ హోదా కోల్పోయినట్టేనని, సర్టిఫికెట్టును ఇంకా రద్దు చేయకపోయినా అత్యాచారాల చట్టాన్ని వాడుకోలేరని కోర్టు చెప్పి కేసు కొట్టేసింది. క్రైస్తవంలో కులం లేదన్నది తీర్పులో ఒక ఆధారం. 1977లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 341 ద్వారా క్రైస్తవ దళితులకు కొన్ని రాయితీలిచ్చింది, కానీ ఆ రాయితీలు చట్టపరమైన రక్షణ దాకా రావు.

న్యాయమూర్తి ఉన్న చట్టాన్ని చదివి చెప్పారు. తప్పు పట్టాల్సింది చట్టంలోని గీతను. ఆ గీత ఫలితం ఏమిటో గమనించండి. తిట్టినవాడు తిట్టింది కులం పేరుతో. మతం పేరుతో కాదు. బాధితుడి బైబిలు తిట్టినవాడికి అడ్డం రాలేదు, చట్టానికి వచ్చింది.

చర్చి గోడల మధ్య

క్రైస్తవంలో కులం లేదన్న మాట బోధలో నిజం. చర్చిలో కాదు. ఒంగోలు బాప్టిస్టులు స్థూలంగా మాదిగలు, దోర్నకల్ ఆంగ్లికన్లు ఎక్కువగా మాలలు. ఒకే ఊళ్లో మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఒక చర్చి ఉండటం చాలాచోట్ల చూస్తాం. కలిసి ఆరాధన చేయరు, పిల్లనిచ్చి పుచ్చుకోరు. గుంటూరు జిల్లా ఫిరంగిపురం, ముట్లూరు వంటి ఊళ్లలో పద్దెనిమిదో శతాబ్దం నాటి జెస్యూట్ మిషన్ కాలంలో క్రైస్తవం పుచ్చుకున్న రెడ్డి క్యాథలిక్కులున్నారు. మూడు వందల ఏళ్ల దగ్గర పడుతున్నా పెళ్లి సంబంధం కులంలోనే చూసుకుంటారు. అలా వేరుగా ఉండటానికి వాళ్లెవరికీ సర్టిఫికెట్టు అవసరం రాలేదు.

దళితులు మెజారిటీగా ఉన్న భారత క్యాథలిక్ చర్చి తొలి దళిత కార్డినల్‌ను చూడటానికి 2022 దాకా పట్టింది. కర్నూలు మేత్రాసనంలోని పోలూరులో పుట్టి హైదరాబాదు ఆర్చిబిషప్ అయిన పూల ఆంథోనీ ఆయన. భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానపత్రం విడుదల చేస్తూ తమ లోపల వివక్ష ఉందని ఒప్పుకుంది. దశాబ్దాలు ఆలస్యంగా వచ్చినా ఆ ఒప్పుకోలు విలువైనది. ప్రభుత్వం ముందు ఎస్సీ హోదా అడిగే చర్చి పెద్దలు తమ సమాధుల దొడ్డిలో, తమ కమిటీల్లో, తమ కళాశాలల నియామకాల్లో కులాన్ని ఎలా నడుపుకున్నారో కూడా జవాబు చెప్పుకోవాలి. దళిత క్రైస్తవులు రెండు వైపుల నుంచీ నలిగారు. బయట పంచముడని చూశారు, లోపల వెనక బెంచీ చూపించారు.

ఈ నలుగుడును మన సాహిత్యంలో గుర్రం జాషువా అంతగా అనుభవించినవాళ్లు తక్కువ. 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి గొల్ల, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. పురాణాలు, హిందూ ఇతివృత్తాలు పట్టుకున్నాడని సొంత క్రైస్తవ సమాజమే వెలి పెట్టింది. సభల్లో కవిగా మెప్పు పొంది, కులం తెలియగానే అవమానపడ్డాడు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో అంటరానివాడు తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. తర్వాత 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. శివుడికి మొర పెట్టుకున్నదీ, క్రీస్తు కథ చెప్పుకున్నదీ ఒకే కవి. ఏ గడిలో రాయాలి జాషువాను?

ఎదుటి వాదన

క్రైస్తవ, ముస్లిం దళితులకు ఎస్సీ హోదా ఇవ్వడాన్ని కాదనేవాళ్లంతా మతద్వేషంతో మాట్లాడుతున్నారనుకోవడం తప్పు. ఉన్న పదిహేను శాతం వాటాలోకి కొత్తగా జనం వస్తే తమకు మిగిలేదేమిటని హిందూ దళితుల్లో చాలామంది అడుగుతున్నారు. మిషన్ బడుల్లో ముందు తరం నుంచే చదువుకున్న కుటుంబాలతో తమ పిల్లలు పోటీ పడలేరన్నది వాళ్ల భయం. అది తీసిపారేయదగ్గది కాదు. వర్గీకరణ కోసం మాదిగలు ముప్పై ఏళ్లు పోరాడిందీ ఇలాంటి భయంతోనే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణకు దారి తెరిచింది, 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దాన్ని అమల్లో పెట్టాయి. వాటాలోపల వాటాలు పంచే పద్ధతి ఇప్పుడు చట్టబద్ధంగా చేతిలో ఉంది కాబట్టి ఈ భయానికి జవాబు వెతకడం ఒకప్పటి కన్నా సులువు. పైగా తెలుగునాట క్రైస్తవ దళితుల్లో చాలామంది ఎస్సీ సర్టిఫికెట్టుతోనే బతుకుతున్నారు. హోదా వస్తే వాళ్లు కొత్తగా వాటాలోకి వచ్చేవాళ్లు కారు. దాపరికం లోంచి బయటికి వచ్చేవాళ్లు.

మైనారిటీ విద్యాసంస్థల లాభమూ ఎస్సీ లాభమూ రెండూ ఒకరికే ఎందుకని ఇంకొందరు అడుగుతారు. సిక్కులకూ బౌద్ధులకూ అవి రెండూ ఉన్నాయి. హోదా ఇస్తే మతమార్పిడులు పెరుగుతాయన్నది మూడో అభ్యంతరం. అంటే ఎస్సీ హోదా అన్నది మనుషులను ఒక మతంలో పట్టి ఉంచే పలుపుతాడని ఒప్పుకున్నట్టే. అంటరానితనానికి పరిహారంగా పుట్టిన ఏర్పాటును ఆ పనికి వాడటం అంబేడ్కర్ రాసిన రాజ్యాంగానికి తగదు.

2022లో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో క్రైస్తవంలో, ఇస్లాంలో అంటరానితనం లేదంది. హోదా ఇవ్వమన్న రంగనాథ్ మిశ్రా కమిషన్ నివేదిక క్షేత్రస్థాయి పరిశీలన లేకుండా తయారైందంది. ఆ కమిషన్ 2007లో మూడో పేరాను పూర్తిగా తీసేయమని సూచించింది. మరుసటి ఏడాది జాతీయ మైనారిటీ కమిషన్ కోసం సామాజికశాస్త్రవేత్త సతీశ్ దేశ్‌పాండే అందుబాటులో ఉన్న అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, ఈ దళితులకు హోదా నిరాకరించడానికి బలమైన ఆధారమేదీ లేదన్నారు. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసి రెండేళ్లు గడువిచ్చింది, ఆ గడువును పొడిగించింది. మూడో పేరా చెల్లదంటూ 2004లో సుప్రీంకోర్టుకు వెళ్లిన పిటిషన్లకు ఇరవై ఏళ్లు దాటిపోయాయి. అప్పుడు పుట్టిన పిల్లలు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగ దరఖాస్తులో అదే గడి ముందు కూర్చున్నారు.

రాష్ట్రం తన మాట చెప్పింది. 2009లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం, 2023 మార్చి 24న జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం క్రైస్తవ దళితులను ఎస్సీలుగా గుర్తించాలని శాసనసభలో తీర్మానాలు చేయించాయి. ఓట్ల లెక్క వాటి వెనక లేదనలేం. తీర్మానంతో పని జరగదని సభలో ఉన్నవాళ్లకూ తెలుసు. 341వ అధికరణ ప్రకారం ఈ జాబితాను మార్చే అధికారం ఒక్క పార్లమెంటుకే ఉంది. 1996లో పి.వి.నరసింహారావు ప్రభుత్వం ఒక బిల్లు సిద్ధం చేసినా అది చట్టం కాలేదు. తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది వెళ్తారు. సభలో ఈ ప్రశ్న ఎత్తమని వాళ్లను అడగాల్సింది పేటలు ఒక్కటే కాదు. మూడో పేరాను తిరగరాయడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, మూడింట రెండొంతుల మెజారిటీ అక్కర్లేదు. 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం చేసినట్టు ఒక మామూలు చట్టం చాలు.